‘ఇంట్లోనే ఉంటాను’: బరంపురంలో పనుల లెక్క, ఎనిమిది ఆదివారాల డైరీ

2026 జనవరి 11, ఆదివారం

ఇవాళ మొదలుపెట్టాను. బరంపురంలో ఏ పనుల్లో మగవాళ్ళున్నారు, ఏ పనుల్లో ఆడవాళ్ళున్నారు అన్నది ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. 2011 జనగణన ప్రకారం ఈ ఊరి జనాభా 3,56,598. అంత ఊరు నా ఒక్కదానితో అయ్యే పని కాదు కనుక మా పేటలో మూడు వీధులు, చేపల బజారులో ఒక వరస, అప్పడాలు ఒత్తే కొన్ని ఇళ్ళు ఎంచుకున్నాను. మా మూడు వీధుల్లో తెలుగువాళ్ళ ఇళ్ళూ ఒడియావాళ్ళ ఇళ్ళూ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. అందుకే ఫారం రెండు భాషల్లో తయారుచేశాను. ఒడియా ప్రతి మా ఎదురింటి అమ్మాయి రాసిపెట్టింది. డిగ్రీ చదువుతోంది. నన్ను ‘నానీ’ అని పిలుస్తుంది. ఇక్కడి ఒడియాలో నానీ అంటే అక్క.

ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడే పూనుకోవడానికి కారణం రాబోయే జనగణన. ఈ ఏడు ఏప్రిల్, సెప్టెంబరు నెలల మధ్య ఇళ్ళ జాబితా రాస్తారు. మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. పదహారేళ్ళ తరవాత మళ్ళీ గుమ్మంలో నిలబడి ‘ఏం పని చేస్తారు?’ అని అడగబోతున్నారు. దానికి మా వీధి ఆడవాళ్ళు ఏం జవాబు చెబుతారో నాకు ముందే తెలుసు. ఆ జవాబును ఉన్నదున్నట్టు రాసుకుపోతే మా వీధి సగం మాయమవుతుంది.

మొదటి రోజు పదకొండు ఇళ్ళు. ఇంటికొక కాగితం. పేరు అడగలేదు. వయసు, చదువు, వృత్తి, అంతే. వచ్చిన జవాబులు: నేత, గృహిణి. నేత, గృహిణి. ఆటో, గృహిణి. గుమస్తా, గృహిణి. జవాబు చెప్పింది దాదాపు ప్రతి ఇంట్లోనూ మగవాళ్ళే. నేను కూడా ఆపకుండా రాసుకుంటూ పోయాను.

జనవరి 18, ఆదివారం

ఇవాళ ఒక్క ఇంటికే వెళ్ళాను. ఆ కాగితాలు చూసినకొద్దీ మనసు ఒప్పుకోలేదు. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే పిన్ని కాగితంలో కూడా గృహిణి అనే ఉంది. ఆవిడ చేతిలో రాట్నం లేకుండా నేను చిన్నప్పటి నుంచి చూసిందే లేదు.

పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. వెదురు చట్రం మీద బెంగళూరు నుంచి వచ్చిన పట్టు చిలప, అంటే పోగుల చుట్ట. కుడి చేత్తో రాట్నం తిప్పుతోంది. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పోగు జారుతూ కండె అనే చిన్న గొట్టం మీదికి ఎక్కుతోంది. ఆ వేళ్ళ మధ్య చర్మం నున్నగా అరిగి మెరుస్తోంది. పోగు తెగితే రాట్నం ఆగుతుంది. తెగిన కొసను చిలపలో వెతికి పట్టుకుని, రెండు కొసలూ పెదవుల దగ్గర తడిచేసి, ముడివేసి, మిగిలింది పంటితో తుంచేస్తుంది. ఆ ముడి లావుగా ఉందంటే మగ్గం మీద తగులుకుని మళ్ళీ తెగుతుంది. కొత్త కోడలు వచ్చినప్పుడు ముందు నేర్పేది ముడేనని చెప్పింది. రాట్నం తిప్పడం ఎవరికైనా నాలుగు రోజుల్లో వస్తుందట.

“పిన్నీ, నువ్వు ఏం పని చేస్తావు?” అని అడిగాను.

“నాకేం పనమ్మా? ఇంట్లోనే ఉంటాను. పని మీ బాబాయిది” అంది. అంటున్నంతసేపూ రాట్నం తిరుగుతూనే ఉంది.

గుంట మగ్గంలో కూర్చున్న బాబాయి నేత ఆపి ఇటు తిరిగారు. “అదేమిటి, కండెలు అందకపోతే నేను చేతులు కట్టుకుని కూర్చోవలసిందేగా” అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకు ఎంత సంతోషమైందో రాయలేను. ఆయన నేస్తున్నది జోడా, అంటే మగవాళ్ళు కట్టుకునే పట్టు పంచె, ఉత్తరీయం. గుడి శిఖరాల్లాంటి ఫోడా కుంభ అంచు ఉన్న మా బరంపురం పట్టుచీరకూ జోడాకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు పొందిన బట్టలో అడ్డంగా వెళ్ళే ప్రతి పేక పోగూ పిన్ని వేళ్ళ మధ్య నుంచి వచ్చిందే.

రాత్రి 2011 జనగణన సూచనలు మళ్ళీ తీసి చదివాను. కూలి వచ్చినా రాకపోయినా, లాభం ఉన్నా లేకపోయినా, ఆర్థికంగా ఉపయోగపడే ఏ పనిలో పాల్గొన్నా అది పనే. కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే సాయమూ పనే. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి చేస్తే ప్రధాన శ్రామికులు, తక్కువైతే ఉపాంత శ్రామికులు. రూలు ప్రకారం పిన్ని నిస్సందేహంగా ప్రధాన శ్రామికురాలు. అడిగే తీరులోనే ఆవిడ జారిపోతోంది.

ఇది కొత్త సంగతి కాదు. 1961 జనగణనలో పని నిర్వచనం విశాలంగా ఉండేది. 1971లో ‘ముఖ్యంగా చేసేది ఏమిటి’ అని అడిగారు. ఇంటిపనే ముఖ్యమని చెప్పినవాళ్ళంతా అటు వెళ్ళిపోయారు. దేశంలో శ్రామికులుగా లెక్కకొచ్చిన స్త్రీల నిష్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. పదేళ్ళలో సగం మంది ఆడవాళ్ళు పని మానేశారంటే నేను నమ్మను. ఆ పతనంలో చాలా భాగం ప్రశ్న మారడం వల్ల వచ్చిందే. 2011లో మగవాళ్ళలో 53.3 శాతం, ఆడవాళ్ళలో 25.5 శాతం శ్రామికులుగా లెక్కకొచ్చారు. ఆ రెండో అంకెలో పిన్ని ఉందో లేదో!

జనవరి 25, ఆదివారం

పాత ఫారం పక్కన పెట్టేశాను. కొత్తదానిలో ‘వృత్తి’ అన్న మాటే లేదు.

ముందు, నిన్న పొద్దున లేచినది మొదలు పడుకునే దాకా చేతులతో ఏమేమి చేశారు అని అడుగుతాను. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, మధ్యలో మాట అందించను. తరవాత, అందులో అమ్మకానికి పోయే వస్తువుతో సంబంధం ఉన్నవి ఏవి? మీరు వారం రోజులు అది మానేస్తే ఇంట్లో ఎవరి సంపాదన ఆగుతుంది? డబ్బు ఎవరి చేతికి వస్తుంది? ఏడాదిలో ఎన్ని నెలలు? మగవాళ్ళనూ ఇవే ప్రశ్నలు, ఇదే వరసలో అడుగుతాను. ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలి.

ఈ చివరి నియమం దగ్గరే గట్టి చిక్కు వచ్చింది. ఒక ఇంట్లో పెద్దాయన “కోడలిని ఎందుకమ్మా అడగడం? నేను చెబుతానుగా” అన్నారు. కోపంగా ఏమీ కాదు, మర్యాదగానే. “మామయ్యగారూ, మీ గురించి మీరు చెప్పారు కదా, ఆవిడ గురించి ఆవిడ చెబితే నా కాగితం నిండుతుంది” అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి లోపలికి పిలిచారు. ఆ అమ్మాయి పక్క ఇళ్ళకు రవికెలు కుట్టి ఇస్తుందని, కాజాలు, హుక్కులు తనే వేస్తుందని, నెలకు ఎన్నో లెక్క నోట్లో ఉందని ఆయనకు అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం రెండింటికీ నాలుగింటికీ మధ్యే వెళ్ళాలని కూడా నేర్చుకున్నాను. వంట, గిన్నెలు అయిపోయి, నీళ్ళు వచ్చే వేళ ఇంకా కాక, ఆడవాళ్ళు కూర్చునే సమయం అదొక్కటే.

ఎదురింటి అమ్మాయి ఒడియా ప్రతిని కూడా ఇదే దారిలో తిరగరాసింది. ‘కామ’ (పని) అన్న మాట వాడినంతకాలం ‘ఘరకామ’ (ఇంటిపని) అన్న జవాబే వస్తోంది నానీ, ఆ మాట తీసేద్దాం అన్నది తనే.

ఫిబ్రవరి 1, ఆదివారం

తెల్లవారుజామున చేపల బజారు. చీకటి ఉండగానే గోపాలపురం వైపు నుంచి ఆటోలు వచ్చాయి. తీరంలోని మన తెలుగు జాలరులను ఒడిశాలో నోళియాలు అంటారు. వేటకు వెళ్ళేది మగవాళ్ళు. పడవ ఒడ్డుకు చేరాక సరుకు చేతులు మారి ఆడవాళ్ళ వైపు వస్తుంది. ఏరడం, ఐసు వేయడం, గంపలకెత్తడం, పదహారు కిలోమీటర్లు తెచ్చి అమ్మడం వాళ్ళ పని. నేను ఎంచుకున్న వరసలో కూర్చుని అమ్ముతున్న మగమనిషి ఒక్కరూ లేరు. ఐసు దిమ్మలు పగలగొట్టి మోసేవాళ్ళు, ఆటోవాళ్ళు మాత్రం అందరూ మగవాళ్ళే.

ఒకావిడ కత్తిపీట ముందు కూర్చుని వంజరం ముక్కలు కోస్తూ నాతో మాట్లాడింది. నా ప్రశ్న ఇంకా పూర్తి కాకముందే “వ్యాపారం” అంది. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఆటోకు ఎంత, ఐసుకు ఎంత, పది దాటి ఎండ ఎక్కితే కిలోకు ఎంత దించాలి, అన్నీ వేళ్ళ మీద ఉన్నాయి. తన గంపలో చేపలు కొన్ని భర్త పడవవి, కొన్ని వేరేవాళ్ళ దగ్గర కొన్నవి. భర్త పడవవి కూడా లెక్క రాసుకునే తీసుకుంటానంది.

ఇంటికొచ్చాక చాలాసేపు దీని గురించే ఆలోచించాను. పని విభజన చూస్తే నేతకంటే చేపల్లోనే గీత లోతుగా ఉంది. సముద్రం మీద ఆడవాళ్ళు లేరు, గంప దగ్గర మగవాళ్ళు లేరు. అయినా ఈవిడ తన పని పేరు గట్టిగా చెబుతోంది, పిన్ని చెప్పడం లేదు. ఈవిడ చేతిలో నోటు పడుతోంది. పిన్ని చేసిన పనికి డబ్బు బట్టతోపాటు బాబాయి చేతికి వస్తోంది. ఇప్పటికి నాకు తోస్తున్న కారణం ఇది. అప్పడాల ఇళ్ళు చూస్తే ఇంకా తేలుతుంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

కంప్యూటర్ ముందు రోజంతా. ఒక పెద్ద పొరపాటు దొరికింది, అది నాదే.

మన దేశంలో 2017-18 నుంచి జరుగుతున్న శ్రామికుల సర్వేలో ప్రతి మనిషికీ ఒక సంకేత సంఖ్య ఇస్తారు. సొంత పని 11, జీతం లేకుండా కుటుంబ వ్యాపారంలో సాయం 21, జీతగాళ్ళు 31, ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళు 92. ఇంటిపనితోపాటు ఇంటి వాడకానికి కుట్టు, నేత, కట్టెలు ఏరడం వంటివి చేస్తే 93. నేను కండెలు చుట్టే ఇళ్ళన్నిటినీ 93లో వేశాను. ‘నేత’ అన్న మాట కనబడగానే చేయి అటే పోయింది. ఇంటి వాడకానికి అన్న షరతును దాటేశాను. పిన్ని చుట్టిన కండె ఇంటి వాడకానికి కాదు, అమ్మకానికి పోయే బట్టలోకి వెళుతుంది. అది 21. 93 అంటే శ్రామికులు కానివారు, 21 అంటే శ్రామికులు. ఒక్క సంఖ్య తేడాతో ఆవిడ ఆ గీతకు ఇటు నుంచి అటు వెళ్ళిపోతుంది. పద్నాలుగు కాగితాలు దిద్దాను. ముఖ్యంగా చేసేది ఇంటిపనే అయినా, ఏడాదిలో ముప్పై రోజులు, అంతకు మించి మరో పని ఉంటే దాన్ని అనుబంధ పనిగా రాసుకునే వీలు అదే సర్వేలో ఉంది. ఆ గడిని కూడా నా పట్టికలో చేర్చాను.

తరవాత అసలు కొలత. వృత్తుల్లో స్త్రీ పురుషులు ఎంత విడివిడిగా ఉన్నారో చెప్పడానికి డంకన్ దంపతుల పేరుతో ఒక సూచిక ఉంది. 1955లో వాళ్ళు దాన్ని అమెరికా పట్టణాల్లో ఎవరు ఏ వాడలో విడిగా బతుకుతున్నారో కొలిచే సందర్భంలో పరిశీలించారు. లెక్క తేలిక. ప్రతి వృత్తికీ, మొత్తం పనిచేసే మగవాళ్ళలో ఎంత వంతు అందులో ఉన్నారో, ఆడవాళ్ళలో ఎంత వంతు ఉన్నారో చూసి, తేడా తీసి, తేడాలన్నీ కూడి, సగం చేయాలి. సున్నా వస్తే ఇద్దరూ ఒకేలా పరుచుకున్నారని. ఒకటి వస్తే ఒకరున్న చోట మరొకరు లేరని. మధ్యలో ఏది వచ్చినా, రెండు వైపులా సమానం కావాలంటే ఒక పక్షంలో ఎంత వంతు మంది పని మారాలో అది చెబుతుంది.

ఇక్కడే నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఒక నేత పేట ఉందనుకుందాం. వందమంది మగవాళ్ళు, వందమంది ఆడవాళ్ళు, అందరినీ ‘నేత పని’ అన్న ఒకే గడిలో రాశాం. వందలో వంద, వందలో వంద. తేడా సున్నా, సూచిక సున్నా. కాగితం మీద పూర్తి సమానత్వం. ఇప్పుడు అదే గడిని మగ్గం, కండెలు అని రెండు చేద్దాం. మగ్గం మీద తొంభైమంది మగవాళ్ళు, పదిమంది ఆడవాళ్ళు. రాట్నం దగ్గర అది తిరగబడింది. తేడాలు 0.8, 0.8. కూడితే 1.6. సగం చేస్తే 0.8. మనుషులు కదల్లేదు, పని మారలేదు. గడి మధ్య ఒక గీత గీశాం, అంతే. జాతీయ వృత్తుల వర్గీకరణ 2015లో నాలుగంకెల 7318 కింద చేత్తో వడికేవారూ చేత్తో నేసేవారూ ఒకే చోట వస్తారు. ఆ స్థాయిలో ఆగితే మా పేట అచ్చం సున్నా పేటే. అందుకని నేను వృత్తి కింద చేసే పనిని కూడా విడిగా రాస్తున్నాను.

రాసుకోవలసిన ఇంకొక సంగతి. సూచిక పనిచేస్తున్నవాళ్ళుగా గుర్తించినవాళ్ళనే లెక్కిస్తుంది. 92లో పడినవాళ్ళు దాని కంటికి ఆనరు. నేను పద్నాలుగు మందిని 21లోకి తెచ్చాక నా సూచిక పెరిగింది. చూడగానే కంగారు పడ్డాను. కానీ ఊరు నిన్నటికంటే చెడిపోలేదు, ఉన్న విభజన ఇప్పుడు బయటపడింది. ఎవరికి ఎంత వస్తోందన్నది ఈ కొలత చెప్పదు. దానికి వేరే వరస కావాలి.

కొన్ని పనుల్లో గీతను నిబంధనలే గీశాయి. మా వీధిలో ఒక అంగన్‌వాడీ కార్యకర్త, ఒక ఆశా కార్యకర్త ఉన్నారు. ఆ పనులకు స్త్రీలనే తీసుకుంటారు. అంగన్‌వాడీల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. ఇన్నేళ్ళయినా వాళ్ళకు ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అనే అంటారు, జీతం అనరు. అంగన్‌వాడీ అక్క తన గంటలు చెబుతుంటే రాస్తూ నాకు చేయి నొప్పెట్టింది. పనికి సేవ అని పేరు పెడితే కూలి తగ్గించడం ఎంత సులువో!

ఫిబ్రవరి 15, ఆదివారం

మహాశివరాత్రి. ఎవరినీ కదిలించలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

మూడో వీధి. ఇక్కడ చాలా ఇళ్ళలో మగవాళ్ళు లేరు. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళడం తరాల సంగతి. గత సెప్టెంబరులో ఇక్కడి నుంచి సూరత్‌లోని ఉధ్నాకు నేరుగా అమృత్ భారత్ రైలు కూడా మొదలైంది. మొదట వాళ్ళను ఎలా రాయాలో తెలియలేదు. ఇంటివాళ్ళు “మా ఆయన నేత పని” అంటారు, కానీ మగ్గం వెయ్యి మైళ్ళ దూరంలో ఉంది. జనగణనలో లెక్కల రోజులన్నీ ఊళ్ళో లేని మనిషిని ఆ ఇంట్లో రాయరు. 2011లో ఆ రోజులు ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. ఆ మనిషి సూరత్‌లో ఉంటే అక్కడి లెక్కలోకే వెళ్ళాడు. నేనూ అదే పాటిస్తున్నాను. దూరంగా ఉన్నవాళ్ళకు వేరే కాగితం, మా పట్టణం లెక్కలో కలపను.

అలా తీసేశాక మిగిలిన ఆడవాళ్ళ పనులు చూస్తే ఆశ్చర్యపోయాను. రేషను, బ్యాంకు, ఇంటి మరమ్మతు, చిన్న దుకాణం, అన్నీ వాళ్ళవే. ఒకావిడ భర్త కిరాణా బల్లను తనే నడుపుతోంది. సరుకు తెచ్చేది, అప్పు రాసేది, వసూలు చేసేది తనే. అయినా నేను అడిగితే “ఆయన కొట్టు, నేను చూసుకుంటున్నాను” అంది. ఎన్నేళ్ళుగా అంటే ఆరేళ్ళుగా. ఈవిడకు 11 వేశాను. ఎందుకు వేశానో ఆవిడకు చెప్పి, ఒప్పుకున్నాకే వేశాను.

మధ్యాహ్నం అప్పడాల ఇళ్ళు. బరంపురం అప్పడం, పచ్చడి పేరున్న సరుకు. పిండి ఉండలు ఇంటికి వస్తాయి, ఆడవాళ్ళు ఒత్తి ఆరబెట్టి తిరిగి ఇస్తారు, తూకానికి డబ్బు. మబ్బు పట్టిన రోజు డబ్బు లేదు. కానీ ఈ ఆడవాళ్ళెవరూ ‘పనేమీ లేదు’ అనలేదు. ‘అప్పడాలు’ అన్నారు. తూకం అయ్యాక డబ్బు వాళ్ళ కొంగులోకి వస్తోంది. ఫిబ్రవరి 1న రాసుకున్న అనుమానం బలపడింది.

గంటల లెక్కే ఇంకా కుదరడం లేదు. 2019లో దేశమంతటా జరిగిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ సర్వే అరగంటల చొప్పున రోజంతా అడుగుతుంది. కండెలు చుట్టడం అరగంటల్లోకి రాదు. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు రెండు, మనవరాలు నిద్రపోయాక నాలుగు. అందుకని పిన్నికి ఒక గిన్నె, గుప్పెడు కందిగింజలు ఇచ్చాను. కండె పూర్తయినప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వేయమన్నాను. వారం రోజులు.

“ఇదేమి ఆటమ్మా” అని నవ్వి, గిన్నెను రాట్నం పక్కనే పెట్టుకుంది.

మార్చి 1, ఆదివారం

వీధుల కాగితాలు పూర్తయ్యాయి. ఒక అంకె చెప్పి ఊరంతా ఇలా ఉందని అనను. మూడు వీధులు, ఒక బజారు వరస, కొన్ని ఇళ్ళు, ఇంతవరకే నా మాట చెల్లుతుంది. ఏప్రిల్‌లోగా మా వీధి ఆడవాళ్ళను ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చోబెట్టి, గుమ్మంలో అడిగే ప్రశ్నలేమిటో, రూలు ప్రకారం ఏది పనిగా లెక్కో చదివి వినిపించాలి. ఎదురింటి అమ్మాయి ఒడియాలో చెబుతానంది.

సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్ళాను. గిన్నె చాప మీద బోర్లించి ఇద్దరం పదేసి చొప్పున కుప్పలు పెట్టాం. బాబాయి మగ్గం ఆపి వచ్చి, తనూ పక్కన చతికిలబడి కుప్పలు సరిచూశారు. పదమూడు కుప్పలు, పైన ఏడు. నూట ముప్పై ఏడు.

నేను పుస్తకంలో రాయబోతుంటే పిన్ని నా చేయి పట్టుకుని ఆపింది.

“నూట ముప్పై తొమ్మిది రాయి. గురువారం పాప ఏడుస్తుంటే లేచి వెళ్ళి, రెండు గింజలు వేయడం మరిచిపోయాను.”